తెర తిరుగవచ్చు, వ్రాత చెదరరాదు

నేటి విద్యార్థి జీవితంలో సెల్‌ఫోను ప్రవేశించని ఘట్టం లేదనుట అతిశయోక్తి కాజాలదు. కళాశాల ప్రవేశానికి దరఖాస్తు, ఉపకార వేతనానికి అర్జీ, పరీక్ష రుసుము చెల్లింపు, హాల్ టిక్కెట్టు, ఫలితాలు - వీటన్నిటికీ ఒకనాడు గుమాస్తా కిటికీ ముందు బారులు తీరి నిలుచున్నాము. నేడు వీటిలో అధికభాగం అరచేతి వెడల్పు గల గాజు పలకపైననే జరిగిపోతున్నవి. అయితే కాగితపు దరఖాస్తుకు సహజమైన సుగుణం ఒకటి ఉన్నది. దానిని నిలువుగా పట్టుకొన్నను, అడ్డంగా త్రిప్పినను, బల్లపై పరచినను, దానిమీద వ్రాసిన అక్షరం ఉన్నచోటనే ఉంటుంది. సెల్‌ఫోను దరఖాస్తుకు ఈ గుణం దానంతట అది అబ్బదు. ఎవరో ఒక ప్రోగ్రామరు శ్రద్ధ వహించి కల్పించవలసి ఉన్నది. ఆ శ్రద్ధ ఎట్టిదో, అది కొరవడినచోట నష్టపోయేది ఎవరో, ఈ విషయమై మన కళాశాలలో చేయదగిన పని ఏమిటో విచారించుటయే ఈ వ్యాసోద్దేశం.

ఫోను తాను తిరిగినట్లు ఎట్లు గ్రహిస్తుంది? దానిలో యాక్సిలెరోమీటరు అనే సూక్ష్మమైన సిలికాన్ సాధనం ఉంటుంది. అది త్వరణాన్ని మూడు దిశలలో కొలుస్తుంది: తెర అడ్డుకొలత వెంట, నిలువుకొలత వెంట, తెరకు లంబంగా. ఫోను నిశ్చలంగా ఉన్నప్పుడు కొలతకు దొరికేది భూమ్యాకర్షణ ఒక్కటే. దాని విలువ సుమారు సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. ఆ విలువ నిలువుకొలత వెంట కనిపించినచో ఫోను నిటారుగా ఉన్నట్లు; అడ్డుకొలత వెంట కనిపించినచో ప్రక్కకు తిరిగినట్లు. మరి ఫోనును బల్లపై వెల్లకిలా పెట్టినచో? అప్పుడు ఆకర్షణ అంతా తెరకు లంబంగా పోతుంది. నిలువా, అడ్డమా అనే ప్రశ్నకు సాధనం వద్ద సమాధానం ఉండదు. భౌతికశాస్త్ర విద్యార్థికి తేలికగా బోధపడే ఈ చిన్న విషయాన్ని విస్మరించినందువల్లనే అనేక ప్రోగ్రాములు తప్పటడుగు వేస్తున్నవి.

2007లో వెలువడిన మొదటి ఐఫోనులోనే ఈ సాధనం ఉన్నది. ఫోనును త్రిప్పగానే చిత్రమూ, వార్తాపుటా అడ్డంగా విప్పారుట ఆనాడు చూపరులకు వింత గొలిపింది. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోనులో తెర క్రింద నుండి కీబోర్డును ప్రక్కకు లాగగానే తెర అడ్డమయ్యేది. నాటి వింత నేటి అలవాటు. ఫోనును త్రిప్పుట ఇప్పుడు ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. నిద్రలో ప్రక్కకు ఒత్తిగిలినంత సహజంగా జరిగిపోతుంది. కనుకనే దానికి ప్రోగ్రాము సిద్ధంగా ఉండవలెను.

ఫోను తిరిగినప్పుడు యాప్‌కు ఒక కబురు అందుతుంది. దీనినే నోటిఫికేషన్ అంటున్నాము. ఇక్కడ మన విద్యార్థులు గుర్తింపవలసిన మొదటి భేదం ఒకటి ఉన్నది. పరికరం ఏ భంగిమలో ఉన్నదనేది ఒక కబురు. తెరపై చిత్రం ఏ ఆకారంలో ఉన్నదనేది వేరొక కబురు. ఐఫోనులో పరికరపు భంగిమకు ఏడు విలువలు గలవు: నిటారు, తలక్రిందులు, ఎడమకు అడ్డం, కుడికి అడ్డం, వెల్లకిల, బోర్ల, తెలియదు. "నిటారు కానిదెల్ల అడ్డమే" అని తలచి వ్రాసిన ప్రోగ్రాము, ఫోనును బల్లపై పెట్టిన మరుక్షణం తెరను అడ్డపు కొలతలకు సర్ది అంతా అస్తవ్యస్తం చేస్తుంది. మరొక చిక్కు ఏమనగా, పరికరం ఎడమకు తిరిగినప్పుడు దానిలోని చిత్రం నిటారుగా కనిపించుటకు కుడికి తిరుగవలెను. అందుచేత పరికరపు 'ఎడమ', తెర విషయంలో 'కుడి' అవుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించినవాడు తలక్రిందులైన చిత్రాన్ని చూచి తెల్లబోక తప్పదు.

కాబట్టి తెరపై అమరికను సర్దదలచినవాడు అడుగవలసిన ప్రశ్న "ఫోను ఎటు తిరిగింది?" అనేది కాదు, "నాకు ఇప్పుడు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు దొరికింది?" అనేది. ఐఫోను ప్రోగ్రాము రచనలో 2014 నుండి ఈ మార్గమే ప్రధానమైనది. భ్రమణపు కబురుకు బదులు, తెర కొలత మారబోతున్నదనే కబురు అందుతుంది. ఒకే తెరను రెండు యాప్‌లు పంచుకొన్నను, మడత ఫోనును విప్పినను, ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం తెలిసిన యాప్ తడబడదు. పరికరపు భంగిమే నిజంగా అవసరమైన చోట, ఉదాహరణకు ఛాయాచిత్రం తీసే యాప్‌లో, ఆ కబురును కోరి తెప్పించుకొనవచ్చును. అయితే "పంపుము" అని కోరినవాడు పని ముగిసిన పిదప "ఇక చాలు" అని కూడ చెప్పవలెను. చెప్పనిచో తెర మూసిన తరువాత కూడ సాధనం పనిచేస్తూ, బ్యాటరీని వృథాగా ఖర్చు చేస్తుంది. గదిలో దీపం వెలిగించినవాడే వెళ్లేటప్పుడు ఆర్పవలెననే ఇంటి నీతి ఇక్కడా వర్తిస్తుంది.

ఆండ్రాయిడ్ పద్ధతి దీనికి భిన్నం. మన విద్యార్థులలో పెక్కుమంది చేతులలో ఉన్నవి ఈ జాతి ఫోనులే గనుక దీనిని కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. సాధారణంగా ఫోను తిరిగినప్పుడు ఆండ్రాయిడ్, తెరపైనున్న యాక్టివిటీని - అనగా ఆ పుట అంతటినీ - కూల్చివేసి, క్రొత్త కొలతలకు అనుగుణంగా మొదటినుండి మరల నిర్మిస్తుంది. ఇది అవివేకం కాదు. నిలువు తెరకు ఒక అమరిక, అడ్డపు తెరకు వేరొక అమరిక సిద్ధపరచి ఉంచినచో, సరియైన దానిని ఎంచుకొనుటకు ఇది సూటియైన మార్గం. అయితే ఇల్లు కూల్చి కట్టేవాడు ముందుగా లోపలి సామానును భద్రపరచవలెను గదా! కూల్చబోయే ముందు "భద్రపరచుకొనుము" అనే పిలుపు ప్రోగ్రాముకు అందుతుంది. గుర్తింపు పేరు గల వ్రాత గడులలోని అక్షరాలను ఆండ్రాయిడ్ తానే దాచి మరల చూపుతుంది. కాని ప్రోగ్రామరు తన స్వంత గుర్తులలో ఉంచుకొన్నవి - ఎంచుకొన్న జిల్లా, జతపరచిన ధ్రువపత్రం, పూర్తి చేసిన పుట సంఖ్య - ఆ పిలుపుకు బదులు పలుకనిచో మాయమైపోతవి.

ఇందులోని నష్టం ఎవరిది? ఉపకార వేతనపు అర్జీని నింపుతున్న ఒక విద్యార్థినిని ఊహించుకొనుడు. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, ఆదాయ ధ్రువపత్రపు సంఖ్య, గత పరీక్షల మార్కులు వరుసగా నమోదు చేసినది. అక్షరాలు చిన్నవిగా ఉన్నవని ఫోనును అడ్డంగా త్రిప్పినది. తెర ఒక్కసారి కనురెప్ప కొట్టినట్లు ఆరి వెలిగింది. మూడవ పుట పోయి మొదటి పుట వచ్చింది. ఆ ఫోను తండ్రిది కావచ్చును. ఆయన పనికి బయలుదేరే వేళ కావచ్చును. ఆనాడే గడువు తీరే దినం కావచ్చును. ప్రోగ్రామరు దృష్టిలో ఇది "చిన్న లోపం". ఆమె దృష్టిలో ఒక సంవత్సరపు చదువు. ఇంతకంటె కఠినమైన సంగతి మరొకటి కలదు. రుసుము చెల్లింపు సాగుతున్న సమయంలో తెర తిరిగినప్పుడు, తిరిగి నిర్మితమైన పుట ఆ చెల్లింపు కోరికను మరల పంపేవిధంగా ప్రోగ్రాము వ్రాసి ఉన్నచో, ఆవలి వైపు తగిన కట్టడి లేనప్పుడు, ఒకే రుసుము రెండుమార్లు పోయే ప్రమాదం ఉన్నది. ఫోనును త్రిప్పిన నేరానికి ఇంత శిక్షయా?

ఈ చిక్కులన్నిటికీ చాలమంది ప్రోగ్రామర్లు కనిపెట్టిన విరుగుడు ఒక్కటే: తెరకు తాళం వేయుట. "ఈ యాప్ నిలువుగానే ఉండును" అని ఒక్క పంక్తి వ్రాసి చేతులు దులుపుకొనుట. వేరొక వర్గం, ఫోను తిరిగినను పుటను కూల్చవద్దని ప్రకటించి ఊరుకొంటుంది. అందులోనూ పాత పాఠాలను చూచి భంగిమ మార్పును మాత్రమే పేర్కొనేవారు భంగపడుదురు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.2 మొదలు తిరిగినప్పుడు తెర కొలత కూడ మారినట్లే లెక్క గనుక ఆ రెండింటినీ పేర్కొనవలెను. సరే, పేర్కొన్నారే అనుకొందము. అయినను వ్యాధి నయం కాదు. పుట కూలిపోవుటకు భ్రమణం ఒక్కటే కారణం కాదు. అక్షరాల పరిమాణం పెంచినను, భాష మార్చినను, తెరను రెండుగా పంచినను అదే జరుగవచ్చును. మధ్యలో ఫోను పిలుపు వచ్చి, మెమరీ చాలక, వెనుకనున్న యాప్‌ను ఫోను పూర్తిగా తొలగించవచ్చును. భ్రమణం వద్ద దాచిపెట్టిన లోపం అక్కడ బయటపడి తీరుతుంది. తాళం వేయుట జ్వరమున్నవాని వద్ద నుండి థర్మామీటరును దాచుట వంటిది.

తాళం వల్ల కొందరికి కలిగేది అసౌకర్యం మాత్రమే కాదు, బహిష్కారం. చేతులు స్వాధీనంలో లేని వ్యక్తి ఫోనునో, టాబ్లెట్‌నో చక్రాల కుర్చీకి బిగించుకొంటాడు. అది అడ్డంగా బిగించి ఉన్నచో, నిలువుగానే తెరుచుకొనే యాప్‌ను అతడు మెడ ప్రక్కకు వంచి చదువవలెను. మనము క్షణంలో త్రిప్పుకొనగలము, అతడు త్రిప్పజాలడు. ఈ కారణముననే 2018లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య ప్రమాణాల 2.1వ కూర్పులో, అత్యవసరమైతే తప్ప ఏ విషయాన్నీ ఒకే భంగిమకు పరిమితం చేయరాదని 1.3.4వ నియమాన్ని చేర్చినారు. మన దేశంలోనూ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందుబాటులో ఉండవలెనని ప్రభుత్వాలకు బాధ్యత నిర్దేశించినది. 2025లో వచ్చిన ఆండ్రాయిడ్ 16 మరొక అడుగు ముందుకు వేసినది. ఆ కూర్పును ఉద్దేశించి వ్రాసిన యాప్ నిలువు తాళం వేసికొన్నను, ఆటలను మినహాయించి, టాబ్లెట్ల వంటి పెద్ద తెరలపై సాధారణంగా ఆ తాళాన్ని లెక్కచేయదు. అనగా తాళాన్ని నమ్ముకొన్నవారి క్రింద నేల కదలనారంభించినది.

ఈ విషయం ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదువుకొనే మన వంటి కళాశాలకు ప్రత్యేకించి వర్తించే కారణం వేరొకటి ఉన్నది. తెలుగు ఎడమనుండి కుడికి, ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తవి. ఉర్దూను తెలంగాణ రాష్ట్రం 2017లో రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించినది. రెండు భాషలలో నడిచే యాప్‌లు మన ప్రాంతానికి అలంకారం కాదు, అవసరం. ఆండ్రాయిడ్‌లో ఉర్దూ వంటి భాషలకు తగినట్లు పుటను కుడినుండి ఎడమకు అమర్చే సౌకర్యం 2012లో, 4.2వ కూర్పుతో వచ్చినది. యాప్‌కు విడిగా భాషను ఎంచుకొనే వీలును 2022లో, 13వ కూర్పులో ఫోను సెట్టింగులలోనే కల్పించినారు. తెలుగులో అర్జీ నింపుతున్న విద్యార్థి, ఒక మాట అర్థం కాక ఉర్దూకు మార్చి చూచినప్పుడు, ఫోను తిరిగినప్పటివలెనే పుట కూలి తిరిగి నిర్మితమవుతుంది. కనుక భ్రమణపు కబురును సక్రమంగా స్వీకరించుట నేర్చిన యాప్, భాష మార్పును కూడ సక్రమంగా స్వీకరించగలదు. ఒక విద్యతో రెండు ప్రయోజనాలు.

ఇంకొక సూక్ష్మం గమనింపుడు. నేటి ఫోనులలో పెక్కింటికి తెర పైభాగంలో కెమెరా కొరకు చిన్న గండి ఉంటుంది. ఫోను అడ్డమైనప్పుడు ఆ గండి ఎడమకో, కుడికో వస్తుంది. ఎడమనున్నచో తెలుగు పంక్తి మొదలు, కుడినున్నచో ఉర్దూ పంక్తి మొదలు దాని క్రిందికి పోవచ్చును. ఫోనును ఒక అడ్డం నుండి సరిగా ఎదుటి అడ్డానికి త్రిప్పినప్పుడు, అడ్డం అడ్డంగానే ఉన్నది గనుక ఆండ్రాయిడ్ పుటను కూల్చదు. కాని గండి మాత్రం ఈ వైపు నుండి ఆ వైపునకు మారుతుంది. పుట పుట్టినప్పుడు అంచులను ఒకమారు లెక్కకట్టి ఊరుకొనే ప్రోగ్రాము ఈ మార్పును గమనించదు. తెలుగులో మాత్రమే, ఒక ప్రక్కకు మాత్రమే త్రిప్పి చూచిన విద్యార్థికి తన యాప్ నిర్దుష్టంగా కనిపిస్తుంది. ప్రక్క బల్లపై కూర్చున్న ఉర్దూ మిత్రునికి ప్రతి పంక్తిలో మొదటి మాట కనిపించదు. తన కంటికి బాగున్నది గనుక లోకానికి బాగున్నదనుకొనే దోషానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం వేరొకటి ఉండదు.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. "ఎక్కువమంది ఫోనును నిలువుగానే పట్టుకొంటారు, కొందరి కొరకు ఇంత శ్రమ ఎందుకు?" అని ఒకరు అడుగవచ్చును. నిలువుగా పట్టుకొనేవారు కూడ పడుకొని చదివేటప్పుడు ఫోను తనంతట తిరుగుతుంది. వారు కోరి త్రిప్పినది కాకపోయినను నష్టం నష్టమే. ఆ వాదమే అంగీకరించినచో, అల్పసంఖ్యలో ఉన్నవారి భాషకు, అవసరానికి చోటెక్కడ? ఈ ప్రశ్న మన కళాశాలకు వేరుగా వివరింపనక్కరలేదు. "కొన్ని యాప్‌లు ఒకే భంగిమలో ఉండక తప్పదు గదా" అనే రెండవ ఆక్షేపణ న్యాయమైనదే. పియానో వాయించే యాప్, బ్యాంకు చెక్కును చిత్రించే తెర వంటివాటిని సౌలభ్య ప్రమాణాలు సైతం మినహాయించినవి. పని స్వభావమే కోరినప్పుడు తాళం సమంజసం. పనివాని సోమరితనం కోరినప్పుడు కాదు. "సమయం చాలదు" అనేది మూడవది. నిజమే, కాని ఇల్లు కట్టిన తరువాత గోడ పడగొట్టి కిటికీ పెట్టుటకన్న, కట్టేటప్పుడే పెట్టుట సులువు.

శ్రమ కూడ అపారమైనదేమీ కాదు. ఏ వస్తువును ఎక్కడ భద్రపరచవలెనో తెలిసిన చాలును. తెర తిరుగుటను దాటి నిలువవలసిన పనిలోని సమాచారాన్ని, సాగుతున్న కోరికను పుటలో గాక, పుట కూలినను నిలిచియుండే వ్యూమోడల్‌లో ఉంచవలెను. గూగుల్ సంస్థ 2017లో దీనిని ప్రవేశపెట్టినది ఇందుకొరకే. యాప్‌నే ఫోను తొలగించినను మిగులవలసిన చిన్న గుర్తులను - ఏ పుట, ఏ ఎంపిక - భద్రపరచుకొమ్మనే పిలుపు వచ్చినప్పుడు అప్పగించవలెను. గంటసేపు కూర్చుండి నింపిన అర్జీ వంటి విలువైన దానిని ఎప్పటికప్పుడు చిత్తుప్రతిగా ఫోను నిల్వలోనే వ్రాసి ఉంచవలెను. జేబు, పెట్టె, బీరువా - దేనిలో ఏది పెట్టవలెనో ఇంటి ఇల్లాలికి తెలిసినంత స్పష్టంగా ప్రోగ్రామరుకు తెలియవలెను. అంతే.

మన కళాశాల కార్యవర్గానికి సవినయంగా ఒక సూచన. కంప్యూటరు శాఖలో చివరి సంవత్సరపు విద్యార్థులు తయారుచేసే యాప్‌ల పరీక్షలో మార్కులు ఎక్కువగా తెర అందానికీ, నివేదిక పుటల సంఖ్యకూ పోతున్నవి. వాటితోపాటు అయిదు నిమిషాల పరీక్ష ఒకటి చేర్చవలెను. సగం అర్జీ నింపి ఫోనును అడ్డంగా త్రిప్పవలెను. అటునుండి ఎదుటి అడ్డానికి త్రిప్పవలెను. బల్లపై వెల్లకిలా పెట్టవలెను. భాషను తెలుగునుండి ఉర్దూకు, మరల తెలుగుకు మార్చవలెను. సమాచారం పంపబడుతున్న క్షణంలో మరొకమారు త్రిప్పవలెను. వ్రాసినది వ్రాసినట్లున్నచో పూర్తి మార్కులు, చెదరినచో కోత. ఇందుకు క్రొత్త పరికరాలు కొననక్కరలేదు, నిధులు కోరనక్కరలేదు. పరీక్షకుని చేతిలో ఒక ఫోను చాలును. తెలుగు విద్యార్థి వ్రాసిన యాప్‌ను ఉర్దూ విద్యార్థి, ఉర్దూ విద్యార్థి వ్రాసినదానిని తెలుగు విద్యార్థి పరీక్షించే ఏర్పాటు చేసినచో మరింత మేలు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు మన రాష్ట్ర ప్రజలు దరఖాస్తులు నింపే యాప్‌లను వ్రాయబోతున్నారు. మీ యాప్ ముందు కూర్చుండేవారిని మీరు ఎన్నడూ చూడరు. వారి చేతిలో ఫోను ఎటు తిరిగినదో మీకు తెలియజేసే చిన్న కబురు మాత్రమే మీకు, వారికి మధ్యనున్న బంధం. ఇంటికి వచ్చిన అతిథి కూర్చున్న చోటు మార్చుకొన్నాడని అతని ముందున్న పళ్లెం లాగివేసే మర్యాద తెలుగునాట లేదు. ఉర్దూ తహజీబులోనూ లేదు. ఆ కబురు వచ్చినప్పుడు తెరను తిరిగి సర్దుడు; వారు వ్రాసిన అక్షరాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్లు వారికి అప్పగింపుడు.